పిల్లల చేతికి పరాయి సొమ్ము

పిల్లలకు డబ్బు సంగతులు నేర్పాలనగానే అందరికీ గుర్తొచ్చేది డిబ్బీ. అందులో నాణెం వేయించడం, నిండాక తెరవడం, ఇష్టమైన బొమ్మ కొనిపెట్టడం. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే డిబ్బీలో సొమ్ము పిల్లదే, కొన్న బొమ్మా పిల్లదే, తెలివితక్కువగా ఖర్చుపెడితే నష్టమూ పిల్లదే. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. పెద్దయ్యాక డబ్బు మనల్ని ఇరుకున పెట్టేది సాధారణంగా ఇలాంటి చోట కాదు. నలుగురి సొమ్ము మన చేతిలో ఉన్నప్పుడు, ఒక పనికని తెచ్చింది ఇంకో పనికి వాడాలనిపించినప్పుడు, తీర్చాల్సిన అప్పు ఉండగానే చేతిలో కాస్త మిగిలినట్టు కనిపించినప్పుడు ఇరుకున పడతాం. ఈ మూడింటిలో ఒక్కటి కూడా డిబ్బీ నేర్పదు.

సేవా కార్యక్రమం నేర్పగలదు. నేర్పి తీరుతుందని అనడం లేదు, నేర్పగలదు అంటున్నాను. ఎందుకంటే పిల్లల చేత చేయించే ఇలాంటి పనుల్లో చాలావరకు విరాళాల వసూలు దగ్గరే ఆగిపోతాయి. డబ్బా పట్టుకుని తిరగడం, ఎక్కువ తెచ్చినవాళ్లకు చప్పట్లు కొట్టడం, మొత్తాన్ని పెద్దల చేతికిచ్చి ఫొటో దిగడం. ఆ తర్వాత ధరలు కనుక్కోవడం, కొనడం, ఎంత మిగిలిందో చూడటం, ఇచ్చినవాళ్లకు లెక్క అప్పజెప్పడం అంతా పెద్దలే ఒక సాయంత్రం కూర్చుని కానిచ్చేస్తారు. పాఠమంతా పెద్దలు చదువుకుని, పిల్లలకు అట్ట మాత్రం చూపించినట్టు.

నా వాదన ఇది. వసూలులో పెద్దగా పాఠం లేదు. పరాయి సొమ్ము ఖర్చుపెట్టి, దానికి లెక్క అప్పజెప్పడంలోనే ఉంది. కార్యక్రమం ఎనిమిది వారాలైతే వసూలుకు రెండు వారాలకు మించి ఇవ్వకండి.

ముందు ఒక ఇబ్బందికరమైన విషయం ఒప్పుకోవాలి. డబ్బు గురించి క్లాసులో పాఠాలు చెబితే మనుషుల ప్రవర్తన మారుతుందన్న నమ్మకానికి ఆధారాలు అంత గట్టిగా లేవు. 2014లో ఫెర్నాండెజ్, లించ్, నెటెమేయర్ అనే ముగ్గురు పరిశోధకులు అంతకుముందు జరిగిన 201 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. మనుషులు డబ్బుతో వ్యవహరించే తీరులో కనిపించే తేడాల్లో ఆర్థిక విద్య వివరించగలిగింది 0.1 శాతం. నేర్చుకున్నది కాలం గడిచేకొద్దీ కరిగిపోతుందని, అవసరం ఎదురైన సమయంలోనే నేర్పితే మేలని వాళ్లు సూచించారు. 2022లో కైజర్, లుసార్డీ తదితరులు 76 యాదృచ్ఛిక ప్రయోగాలను, అంటే పాఠం ఎవరికి చెప్పాలో చీటీలు వేసినట్టు ఎంచి చేసినవాటిని, కలిపి చూసినప్పుడు ఫలితం అంత నిరాశగా లేదు, ప్రభావం ఉందని తేలింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమయ్యేది ఒకటే. బోర్డు మీద రాసిన పొదుపు సూత్రం కంటే, ఇప్పుడు, ఈ షాపులో, ఈ టేపు చుట్ట కొనాలా ఆ టేపు చుట్ట కొనాలా అన్న ప్రశ్న బలమైనది. సేవా కార్యక్రమం అలాంటి ప్రశ్నలను వరసగా ముందుకు తెస్తుంది.

సేవను కలపడం వల్ల ప్రత్యేకంగా ఏమైనా ఒరుగుతుందా? ఘనాలో బెరీ, కార్లన్, ప్రధాన్ చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. 2018లో అచ్చయింది. కొన్ని బడుల్లో డబ్బు పాఠాలు మాత్రమే చెప్పారు. కొన్నింటిలో డబ్బు పాఠాలతో పాటు సామాజిక పాఠాలనూ కలిపి చెప్పారు. రెండు చోట్లా తాళం వేసిన పొదుపు పెట్టె ఇచ్చారు. తొమ్మిది నెలల తర్వాత రెండు చోట్లా బడిలో పొదుపు పెరిగింది. అయితే అందులో ఎక్కువ భాగం ఇంట్లో దాచుకునేదే బడికి మారడం. ఆసక్తి కలిగించేది ఇంకోటి. డబ్బు పాఠాలు మాత్రమే విన్న పిల్లలు, ఏ పాఠమూ వినని పిల్లల కంటే ఎక్కువగా కూలి పనులకు వెళ్లారు. రెండూ కలిపి విన్నవాళ్లలో అలా కనిపించలేదు. ఈ రెండు గుంపుల మధ్య తేడా గణాంకపరంగా నిలబడేంత పెద్దది కాదు కాబట్టి దీన్ని జెండాలా ఎగరేయలేం. కానీ డబ్బును దాని అవసరం నుంచి విడదీసి పాఠం చెబితే, పిల్లలు ‘సంపాదించు’ అన్న మాట ఒక్కటే పట్టుకునే ప్రమాదముందని మాత్రం హెచ్చరిస్తుంది.

ఇక అసలు పనికి వద్దాం. ఒక ఉదాహరణను చివరిదాకా లెక్కతో సహా చూస్తే తప్ప ఇదంతా గాలి కబురే.

పని ఎంచుకోవడం

ఎనిమిది మంది పిల్లలు, 6 నుంచి 9 ఏళ్ల లోపు. ఇద్దరు పెద్దలు. వారానికోసారి 45 నిమిషాలు, ఎనిమిది వారాలు. పని: గ్రంథాలయంలోని పిల్లల విభాగంలో చిరిగిన 40 పుస్తకాలను బాగుచేసి అట్టలు వేయడం. లెక్కలన్నీ ‘నాణేల్లో’ చెబుతాను, ఏ దేశపు నాణెం అనుకున్నా ఫరవాలేదు.

పుస్తకాలే ఎందుకంటే ఈ వయసు పిల్లల చేత మనుషుల కష్టాన్ని ‘ప్రాజెక్టు’ చేయించడం నాకు ఇష్టం ఉండదు. లేనివాళ్లకు సంచులు పంచడం, వాళ్ల మొహాలతో ఫొటోలు దిగడం వల్ల పిల్లలు నేర్చుకునేది డబ్బు విలువ కాదు, ఇచ్చే చెయ్యి పైన ఉంటుందన్న గర్వం. పైగా ఆ గుంపులోనే ఇంట్లో ఇబ్బంది పడుతున్న పిల్ల ఉండవచ్చు, ఎవరికీ చెప్పకపోవచ్చు. పుస్తకం, బెంచీ, మొక్క, ఆటస్థలం కంచె లాంటివి అందరివీ. బాగుచేసిన వాళ్లూ వాడుకుంటారు.

ఇంకో నియమం: అవసరం ఏమిటో అవతలివాళ్లు చెప్పాలి. ‘మా పిల్లలు పాత పుస్తకాలు పోగుచేసి తెస్తారు’ అంటే గ్రంథాలయం వాళ్లు మొహమాటానికి సరేనంటారు, ఆ పెట్టెలు ఏడాది పాటు మెట్ల కింద పడుంటాయి. ఉచితంగా వచ్చిన వస్తువుకు కూడా చోటు కావాలి, ఏరే మనిషి కావాలి. మొదటి వారం పిల్లలు అక్కడికి వెళ్లి అడగాల్సినవి మూడే ప్రశ్నలు: మీకు దేనితో ఇబ్బంది? ఇప్పుడెలా సర్దుకుంటున్నారు? మేం చేస్తే తర్వాత మీకు పని పెరుగుతుందా? మూడో ప్రశ్న పెద్దలకే తట్టదు.

కొలిచాకే లెక్క

రెండో వారంలో ఖర్చు అంచనా. ‘ఎంత టేపు కావాలి?’ అని అడిగితే పిల్లలు వెయ్యి మీటర్లనో, ఒకటనో అంటారు. ఊహించమనడం వృథా. మూడు పుస్తకాలు నిజంగా బాగుచేయించి, వాడిన టేపును స్కేలుతో కొలిపించాలి. ఒకదానికి 70 సెంటీమీటర్లు పట్టింది, ఇంకోదానికి 90, వెన్ను ఊడిన లావుపాటిదానికి 140. మొత్తం 3 మీటర్లు, అంటే పుస్తకానికి మీటరు. 40 పుస్తకాలకు 40 మీటర్లు. దానికి నాలుగో వంతు వృథా కలుపుకోవాలి, ఎందుకంటే చిన్న వేళ్ల మధ్య టేపు దానికదే అతుక్కుని ఉండ చుట్టుకుంటుంది. మొత్తం 50 మీటర్లు. ఈ ‘నాలుగో వంతు’ కలపడం దగ్గర పిల్లలు ఒప్పుకోరు, మేం జాగ్రత్తగా చేస్తాం అంటారు. చెత్తబుట్టలో పడిన ఉండలను విప్పి కొలిచి చూపిస్తే ఒప్పుకుంటారు.

ఇప్పుడు ధరలు. చిన్న చుట్ట 10 మీటర్లు, 6 నాణేలు. పెద్ద చుట్ట 25 మీటర్లు, 12 నాణేలు. 50 మీటర్లకు చిన్నవి అయిదు కొంటే 30, పెద్దవి రెండు కొంటే 24. పెద్దదే చవక అని అందరూ అరుస్తారు. అక్కడ ఆపి, 30 మీటర్లే కావాలంటేనో అని అడగాలి. చిన్నవి మూడు, 18. పెద్దవి రెండు, 24. ఇప్పుడు చిన్నదే చవక. ‘ఎక్కువ కొంటే లాభం’ అన్న సూత్రం ఎంతమంది పెద్దల అల్మరాల్లో మూలుగుతోందో చెప్పనక్కర్లేదు.

ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చే ఘట్టం దీని తర్వాత వస్తుంది. అదే అరలో మామూలు పారదర్శక టేపు, 25 మీటర్ల చుట్ట, 5 నాణేలకే ఉంటుంది. రెండు చుట్టలు 10. మనం అనుకున్న కాగితపు మరమ్మతు టేపు కంటే 14 తక్కువ. పిల్లలు ఎగిరి గంతేస్తారు. వద్దని చెప్పకండి. ఎప్పుడో ఎవరో ఆ మామూలు టేపుతోనే అతికించిన పాత పుస్తకం ఒకటి అదే గ్రంథాలయంలో తప్పకుండా దొరుకుతుంది. తీసి బల్ల మీద పెట్టండి. టేపు పసుపుపచ్చగా మారి, గోరు పెడితే పొరలా ఊడొస్తుంది. దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకగా నిలిచిపోతుంది. అతికించిన చోటు మళ్లీ చిరిగి ఉంటుంది. వేలితో తడిమి చూడనివ్వండి. తక్కువ ధరకూ తక్కువ ఖర్చుకూ తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం నాకు తెలియదు.

అట్టల ప్లాస్టిక్ షీటు మీటరు 2 నాణేలు. పుస్తకానికి అర మీటరు చొప్పున 20 మీటర్లు, 40 నాణేలు. ఈ ‘అర మీటరు’లో ఒక పొరపాటు దాగుంది, దాని సంగతి తర్వాత. తెల్ల జిగురు రెండు సీసాలు, ఒక్కోటి 7. కుంచెలు నాలుగు, ఒక్కోటి 2.

సొమ్ము ఎక్కడి నుంచి

మూడు దారులు పెట్టాలి, ఒక్కటి చాలదు. అప్పు, సంపాదన, విరాళం. మూడింటి స్వభావం వేరని పిల్లలకు తెలియాలంటే మూడూ చేతిలో పడాలి.

అప్పు: మొదటి రోజే 40 నాణేలు, చివరి వారం తిరిగిచ్చే ఒప్పందం మీద. ఒక కాగితం మీద రాసి ఎనిమిది మందీ సంతకం పెట్టాలి. వడ్డీ పెట్టకండి. తీసుకున్నది తిరిగివ్వాలన్న సంగతే ఈ వయసుకు బోలెడు బరువు. తొమ్మిది దాటినవాళ్లతో కావాలంటే ‘41 ఇవ్వాలి’ అని మొదలుపెట్టవచ్చు.

సంపాదన: రంగు అట్టలు 6 నాణేలకు కొని, 30 పుస్తక గుర్తులు చేసి, ఒక్కోటి నాణేనికి అమ్మడం. 30 రాగానే ‘మనం 30 సంపాదించాం’ అంటారు. అట్టలకు పెట్టిన 6 తీసి పక్కన పెట్టించి, మిగిలిన 24ను చూపించాలి. నోటితో చెబితే ఈ తీసివేత ఎక్కదు, నాణేలు కళ్లముందు కదలాలి.

విరాళం: గ్రంథాలయం బల్ల మీద రెండు వారాలు ఒక డబ్బా. పైన పెద్ద అక్షరాలతో దేనికోసమో రాసి ఉండాలి: ‘పిల్లల విభాగంలో 40 పుస్తకాల మరమ్మతుకు’. ఆ వాక్యం ఎంత ముఖ్యమో చివరి వారంలో తెలుస్తుంది. పిల్లలను ఒంటరిగా ఇంటింటికీ పంపొద్దు. ఇంటి నుంచి తెమ్మని అసలే అడగొద్దు. ఎవరు ఎంత తెచ్చారో గోడ మీద రాశారా, ఇక అది పిల్లల పని కాదు, తల్లిదండ్రుల పరిచయాల పోటీ.

బహుమతుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలేయడం ఇష్టపడే 3 నుంచి 5 ఏళ్ల పిల్లలను తీసుకుని, కొందరికి ‘బొమ్మేస్తే పతకం లాంటి సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత స్వేచ్ఛగా వదిలేస్తే, ఆ పిల్లలు మిగతావాళ్లలో సగం సమయమే బొమ్మలతో గడిపారు. 2008లో వార్నెకెన్, టొమాసెల్లో 20 నెలల పసివాళ్లలో చూసింది కూడా ఇదే దారిలో ఉంది. సాయం చేసినందుకు వస్తువు పుచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు. కాబట్టి ముందే ప్రకటించిన పతకాలు వద్దు.

రెండు వారాలయ్యాక డబ్బాలో 73 ఉన్నాయనుకుందాం. అప్పు 40, అమ్మకం 30, విరాళం 73, మొత్తం జమ 143.

పద్దు పుస్తకం

అయిదు గడులు చాలు: తేదీ, దేనికి, జమ, ఖర్చు, నిల్వ. చదవడం రాని పిల్లలుంటే ‘దేనికి’ గడిలో బొమ్మ గీయించండి. ప్రతి వరసకూ నిల్వ రాయాలి, ప్రతి సమావేశం మొదట్లోనూ చివర్లోనూ డబ్బాలోని నాణేలు లెక్కపెట్టి ఆ నిల్వతో సరిచూడాలి. డబ్బా పారదర్శకంగా ఉంటే మంచిది, మట్టం తగ్గడం కనిపిస్తుంది. అప్పు తాలూకు 40 వేరే సీసాలో ఉంచితే ఇంకా మంచిదని కొందరంటారు. నేను ఒప్పుకోను. అది మన సొమ్ములో కలిసిపోయి మనదే అనిపించాలి. ఖర్చుపెట్టేముందు ‘ఇందులో 40 మనవి కావు’ అని ఒక పిల్ల గుర్తుచేయాలి. పాఠం అక్కడుంది.

ఆరేళ్లవాళ్లతో ఒక చిక్కుంది. పెద్ద విలువ నాణెం ఒకటి, చిన్న విలువవి మూడు పెడితే మూడున్న వైపే ఎక్కువ అంటారు. అదేమీ తెలివితక్కువతనం కాదు, ఆ వయసులో సంఖ్య కంటికి కనిపిస్తుంది, విలువ కనిపించదు. మొదటి మూడు వారాలు ఒకే విలువ నాణేలతో నడిపి, నాలుగో వారం మార్పిడి మొదలుపెట్టండి. అయిదు చిన్నవి ఇచ్చి ఒక పెద్దది పుచ్చుకోవడం, మళ్లీ విడదీయడం.

పనులు పంచాలి. కోశాధికారి డబ్బా ముట్టుకుంటుంది, పద్దు రాయదు. పద్దు రాసేవాడు డబ్బా ముట్టుకోడు. ఇంకో ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, ఒకరికొకరు చూపించకుండా చీటీ మీద రాసి, ఒకేసారి తిప్పుతారు. రెండు వారాలకోసారి పాత్రలు మారతాయి. అందరూ అన్నీ చేస్తే సమానత్వంలా ఉంటుంది గానీ, ఏదైనా తేడా వచ్చినప్పుడు అందరి కళ్లూ ఒకరి మీదే పడతాయి, సాధారణంగా గుంపులో బలహీనంగా ఉన్న పిల్ల మీద. విడివిడి పాత్రలు ఆ పిల్లను కాపాడతాయి.

రసీదులు పుస్తకంలోనే అతికించాలి. వేడికి అచ్చయ్యే షాపు రసీదులు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి కాబట్టి పక్కనే పెన్సిలుతో మొత్తం, తేదీ రాయించండి. చాలామంది ఈ చిన్న పని చేయక, చివర్లో తెల్ల కాగితం ముక్కలు పట్టుకుని కూర్చుంటారు.

తేడా వచ్చిన రోజు సంగతి చెప్పాలి. పుస్తకంలో 51 ఉంటుంది, డబ్బాలో 49. వరసగా చేయాల్సినవి ఇవి: మళ్లీ లెక్కపెట్టడం, రసీదులన్నీ కూడటం, కిందటి వారం నిల్వ నుంచి ఒక్కో వరస తీసివేతలు తిరిగి చేయడం, బల్ల కింద, సంచిలో వెతకడం. అయినా దొరకకపోతే ‘తేడా 2’ అని ఎర్ర పెన్నుతో రాసి, తేదీ వేసి, ముందుకెళ్లడం. ఎవరు తీశారన్న ప్రశ్న వేయకూడదు. ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లకు జేబులోంచి రెండు నాణేలు తీసి గుట్టుచప్పుడు కాకుండా డబ్బాలో వేయాలనిపిస్తుంది. పిల్లలు బాధపడతారని, ఇంటికి వెళ్లాల్సిన వేళయిందని. దయతో చేసినా అది కాకిలెక్కే. లెక్క తేలకపోతే ఎక్కడి నుంచో డబ్బు ఊడిపడుతుందని ఆ రోజు వాళ్లు నేర్చుకుంటారు, తేలని లెక్కను దాచవచ్చని కూడా.

మాట నిలబెట్టుకోవడం

పొదుపు గురించి మాట్లాడేవాళ్లంతా మార్ష్‌మాలో పరీక్ష ఎత్తుకుంటారు. ఇప్పుడు ఒక మిఠాయి తింటావా, ఆగితే రెండు ఇస్తాను అన్న పరీక్ష. ఆగినవాళ్లు జీవితంలో గెలుస్తారని ప్రచారం. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ 900 మందికి పైగా పిల్లలతో తిరిగి చూస్తే ఆ సంబంధం సగానికి పడిపోయింది, కుటుంబ పరిస్థితులు లెక్కలోకి తీసుకుంటే ఇంకా చాలా తగ్గింది. నాకు దానికంటే 2013లో కిడ్, పామెరీ, ఆస్లిన్ చేసిన చిన్న ప్రయోగం ముఖ్యం. 28 మంది పిల్లలే. మిఠాయి పరీక్షకు ముందు పెద్ద మనిషి ‘మంచి రంగులు తెస్తాను, ఆగు’ అని కొందరికి తెచ్చిచ్చాడు, కొందరికి ‘లేవు, క్షమించు’ అన్నాడు. తెచ్చిచ్చిన చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన చోట 3 నిమిషాలు.

కార్యక్రమం నడిపే పెద్దలు దీన్ని తమ గోడ మీద రాసుకోవాలి. ‘వచ్చే వారం షాపుకు వెళ్దాం’ అన్నాక వెళ్లాల్సిందే. గ్రంథాలయం వాళ్లు 40 పుస్తకాలు పక్కన పెడతామన్నాక అవి అక్కడ లేకపోతే, పిల్లల దృష్టిలో మొత్తం పద్దు పుస్తకమే ఆటవస్తువు. రెండు వారాల ముందే అన్నీ ఖాయం చేసుకోండి, కాకపోతే తేదీ చెప్పకండి.

పని జరిగే వారాలు

నాలుగు నుంచి ఏడు దాకా మరమ్మతులే. వాటిలో డబ్బు పాఠం తక్కువ, కాబట్టి కొద్దిగానే చెబుతాను. జిగురు పలచగా కుంచెతో రాయాలి, సీసాతో పిండితే పేజీలు ముద్దవుతాయి. జిగురు రాసిన పేజీకి రెండు వైపులా మైనపు కాగితం పెట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా వదలాలి. మైనపు కాగితం మరిచిపోతే మర్నాటికి పుస్తకం ఇటుక.

అట్టల దగ్గర మాత్రం ఆగాలి. 20 సెంటీమీటర్ల వెడల్పు పుస్తకాన్ని పిల్లలు మూసి కొలుస్తారు. తెరిస్తే 40, వెన్నుకు 2, లోపలికి మడవడానికి అటు 5, ఇటు 5. మొత్తం 52. మనం అంచనా వేసింది 50. రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. 20 మీటర్ల షీటులో 52 సెంటీమీటర్ల ముక్కలు 38 మాత్రమే వస్తాయి. అందులో ఒకటి మూసిన కొలతతో కోసి పాడయింది. 37 పుస్తకాలకు అట్టలు పడ్డాయి, మూడు మిగిలిపోయాయి. పెద్దవాళ్లకు ఈ 52 ముందే కనిపించి ఉండవచ్చు. కనిపించినా నోరు మెదపకూడదని నా అభిప్రాయం. నష్టం చిన్నది, కారణం కొలిచి చూపించదగింది, సరిదిద్దుకునే వీలుంది. ఈ మూడూ ఉన్న తప్పును పిల్లల నుంచి లాక్కోవడం అన్యాయం. కత్తెర చేతికి తగలడం, డబ్బా బస్సులో మరిచిపోవడం లాంటివి వేరు, అక్కడ వెంటనే అడ్డుపడాలి.

పెట్టిన సమయాన్ని కూడా పుస్తకం వెనక పేజీలో రాయించండి. మొదటి వారం అడగడానికి, చివరి వారం లెక్కకు పోగా ఆరు వారాలు, ఎనిమిది మంది, 45 నిమిషాలు. మొత్తం 36 గంటలు. దాన్ని కూలి కట్టి నాణేల్లోకి మార్చమని కొన్ని పాఠ్యప్రణాళికలు అడుగుతాయి. మార్చొద్దు. 36 గంటలు పట్టిందని తెలిస్తే చాలు. ప్రతిదానికీ ధర ఉంటుందన్న పాఠం లోకం ఎలాగూ నేర్పుతుంది.

లెక్క అప్పజెప్పే రోజు

ఎనిమిదో వారం బల్ల మీద ఒకే కాగితం ఉండాలి.

జమ: అప్పు 40, పుస్తక గుర్తుల అమ్మకం 30, విరాళాలు 73. మొత్తం 143.
ఖర్చు: రంగు అట్టలు 6, టేపు 24, అట్టల షీటు 40, జిగురు 14, కుంచెలు 8. మొత్తం 92.
తీర్చిన అప్పు: 40.
పుస్తకం ప్రకారం నిల్వ: 11.
తేడా: 2.
డబ్బాలో ఉన్నది: 9.
చేసినవి: 37 పుస్తకాలు.
చేయలేకపోయినవి: 3 పుస్తకాలు. కారణం: పుస్తకాలు తెరిచి కొలవలేదు, ఒక అట్ట తప్పుగా కోశాం.

చివరి రెండు వరసలు, ఆ ఎర్ర ‘2’, తీసేయమని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఎక్కువగా ఆ మాట తల్లిదండ్రుల నుంచే వస్తుంది. కాగితం అందంగా ఉండాలని, విరాళం ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని. అవి ఉండాల్సిందే. ఆ కాగితాన్ని విరాళాల డబ్బా ఉన్న చోటే నెల రోజులు అంటించి ఉంచాలి. వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు కాబట్టి వాళ్లకు లెక్క చెప్పే దారి అదొక్కటే.

ఇక ఆ 9 నాణేలు. ఎనిమిది మంది పిల్లలుంటే కనీసం అయిదుగురు తలా ఒక మిఠాయి అంటారు. కష్టపడ్డాం కదా అన్నది వాళ్ల వాదన, అందులో న్యాయం లేకపోలేదు. ఓటింగు పెట్టకండి, మిఠాయి గెలుస్తుంది. విరాళాల డబ్బా తెచ్చి, పైన ఉన్న వాక్యాన్ని ఒకరి చేత గట్టిగా చదివించండి: ‘పిల్లల విభాగంలో 40 పుస్తకాల మరమ్మతుకు’. ఎన్ని అయ్యాయి? 37. అప్పుడు ఎవరో ఒకరు షీటు ధర అడుగుతారు. మీటరు 2. మూడు పుస్తకాలకు 52 చొప్పున 156 సెంటీమీటర్లు, రెండు మీటర్లు కొనాలి, 4 నాణేలు. మిఠాయి మాట అక్కడితో సద్దుమణుగుతుంది, మూతులు మాత్రం ముడుచుకునే ఉంటాయి. మెచ్చుకోలుగా పెద్దలు మిఠాయి పెట్టాలనుకుంటే పెట్టవచ్చు, సొంత డబ్బుతో, ముందుగా చెప్పకుండా, పద్దు పుస్తకానికి దూరంగా.

రెండు మీటర్లు కోసి, తెరిచి కొలిచి, మూడు పుస్తకాలకూ అట్టలు వేశాక డబ్బాలో 5 ఉంటాయి. ఆ అయిదింటిని ఏం చేయాలో నిర్ణయించే హక్కు పిల్లలకు లేదు, పెద్దలకూ లేదు. కోశాధికారి, తనిఖీ చేసిన ఇద్దరూ డబ్బా తీసుకుని గ్రంథాలయం బల్ల దగ్గరికి వెళ్లి, 40 పుస్తకాలూ అయ్యాయి, ఇవి మిగిలాయి, వచ్చే ఏడాది మరమ్మతులకు ఉంచుతారా అని అడుగుతారు. ఉంచుతామంటే అక్కడి నుంచి ఒక రసీదు రాయించుకుని, తెచ్చి పుస్తకంలో అతికించి, నిల్వ గడిలో సున్నా వేస్తారు.